నిచ్చెన మీద ఒక కాలు

సూర్యుడు ఎదురింటి వెనక్కి జారుకున్నాక గానీ పెయింటర్‌కి సంగతి తలకెక్కలేదు. తను ఈ సజ్జ మీంచి దిగలేడు.

రెండో అంతస్తు కిటికీ మీది సజ్జ అది. మనిషి ఒద్దికగా కూర్చోవడానికి సరిపోతుంది. ఎక్కినవాడికి దిగడానికేం అంటారేమో! ఎక్కేటప్పుడు మెట్టు కళ్ళెదుట ఉంటుంది. దిగేటప్పుడు పాదమే వెతుక్కోవాలి. అతని పాదాలు ఆ పని మానేసి కొన్ని నెలలైంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే చాలు, గోడ మీదికి ఒరిగిపోతున్నాడు. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. భార్య అడిగితే నడుం పట్టేసిందన్నాడు. ఆవిడ నమ్మి రోజూ సాయంత్రం వేడినీళ్ళతో కాపడం పెడుతోంది.

అసలు సంగతి పోయిన వారం డాక్టరు చెప్పాడు. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమని, పడబోతుంటే పట్టుకుని, ఒంట్లోని హెచ్‌ఐవీ వెన్నుపాము దాకా వచ్చిందన్నాడు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి మానకుండా వాడితే ఇంతటితో ఆగొచ్చట, కాస్త తేరుకోవచ్చు కూడానట. ముందు భార్యని తీసుకొచ్చి పరీక్ష చేయించమన్నాడు. జబ్బు ఉందని ఈ మహానుభావుడికి రెండేళ్ళ కిందటే తెలుసు. కొన్నాళ్ళు మాత్రలు రంగు డబ్బాల వెనక దాచుకుని మింగాడు. ఆవిడ కంట పడతాయన్న భయంతో అవీ మానేశాడు. డాక్టరు ముందు మాత్రం బుద్ధిగా తలూపాడు. తలూపడంలో ఈయన్ని మించినవాడు లేడు.

ఇన్నాళ్ళూ వెలుతురు ఉండగానే, పాదాలు చూసుకుంటూ దిగిపోయేవాడు. ఇవాళ ఇంటాయన రంగు నచ్చలేదని మళ్ళీ కలిపించాడు. పొద్దు అక్కడే పోయింది.

కింద నిచ్చెన పట్టుకున్నది బావమరిది, అంటే భార్య సొంత తమ్ముడు. పని నేర్పిన బావంటే ప్రాణం పెడతాడు. ఇంకా దిగవేం, అక్కడే కాపురం పెడతావా అని వేళాకోళం చేశాడు. పెయింటర్ నవ్వలేకపోయాడు. సజ్జ అంచు పట్టుకుని ఒక కాలు కిందికి వదిలాడు. అది మెట్టు మీద ఉందో గాలిలో ఉందో తెలియలేదు. బరువు మోపాడు. కాలు జారి, పిక్క అంచుకి గీరుకుని భగ్గుమంది. ఎలాగో పైకి పాకి గోడకి కరుచుకుపోయాడు. బావమరిది ఫోను లైటు వేస్తే అది కళ్ళలో పడిందే తప్ప పాదాల దగ్గర చీకటి పోలేదు.

"ఉండు బావా, నేనొచ్చి నీ కాళ్ళు మెట్ల మీద పెడతా," అంటూ అతను ఎక్కసాగాడు. సగంలో ఆగి భుజానికి చెంప తుడుచుకున్నాడు. "ఏదో కారుతోంది. రంగేనా?"

రంగు డబ్బా ఎప్పుడో కిందికి దించేశారు. పెయింటర్‌కి తన పిక్క గుర్తొచ్చింది. పొద్దున గోడకి లప్పం పట్టించే రేకు కోసుకుని బావమరిది అరచెయ్యి తెగింది. గుడ్డ కట్టినా లెక్కచెయ్యక పని చేశాడు. ఆ చెయ్యే ఇప్పుడు తన పిక్క వైపు వస్తోంది. నోరు మూసుకుంటే దిగిపోతాడు, ఎవరికీ ఏమీ తెలియదు. నోరు విప్పితే ఇల్లే ఉండదు.

"ముట్టుకోకురా," అన్నాడు. "అది నెత్తురు. నాకు హెచ్‌ఐవీ ఉంది."

చెయ్యి ఆగిపోయింది. బావమరిది దిగిపోయాడు. నిచ్చెన కదలడం ఆగింది. కింద అడుగుల చప్పుడు దూరమైంది. పోయాడు, ఇక రాడు అనుకున్నాడు పెయింటర్. వీధిలో వాళ్ళని పిలవచ్చు, కానీ ఏమని పిలుస్తాడు? పిలిస్తే వాళ్ళకీ ఇదే చెప్పాలి. సజ్జ మీద మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.

కాసేపటికి నిచ్చెన మళ్ళీ కదిలింది. బావమరిది ముఖం కడుక్కుని, రెండు చేతులకీ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, మణికట్టు దగ్గర దారంతో బిగించుకుని వచ్చాడు. బావ మడమ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు పట్టుకుని, పెట్టకుండా ఆగాడు.

"అక్కకి తెలుసా?"

పెయింటర్ కాలు అతని చేతిలోనే ఉండిపోయింది. పైకి పోలేడు, కిందికి రాలేడు.

"తెలియదు," అన్నాడు చివరికి.

అప్పుడు కాలు మెట్టు మీదికి చేరింది. ఒక కాలు, ఇంకో కాలు, అలా దిగుతూనే ఉన్నారు.

"నేలొచ్చింది, నిచ్చెన వదిలెయ్," అన్నాడు బావమరిది. పాదాలు ఆ మాట నమ్మలేదు. పెయింటర్ నిచ్చెన వదల్లేదు.

బావమరిది కవర్లు విప్పి, ఫోను తీసి అక్క నంబరు నొక్కాడు. ఇంటికెళ్ళాక చెబుతానని పెయింటర్ బతిమాలాడు.

"చెప్పవు బావా. ఎన్నేళ్ళ నుంచి ఉందో గానీ, ఇన్నాళ్ళూ ఇంటికి వెళ్తూనే ఉన్నావుగా," అని ఫోను అతని చెవికి ఆనించాడు. రెండో చేత్తో అతని నడుం చుట్టూ పట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు పెయింటర్.

"ఇంకా రాలేదేమండీ?" అంది ఆవిడ. "కాపడానికి నీళ్ళు పెట్టేశాను. నడుం ఎలా ఉంది?"

పెయింటర్ కళ్ళు మూసుకున్నాడు. ఒరిగిపోబోతే బావమరిది పడనివ్వలేదు.

"నడుం కాదు," అన్నాడు.