పసుపు దుకాణానికి సున్నం

ఆర్మూర్ గంజ్ బాటలో లచ్చన్న పసుపు దుకాణం చిన్నదే, కానీ చూసినకొద్దీ చూడబుద్ధయ్యేది. నల్లరాతి పునాది, డంగు సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు, టేకు దూలాల మీద గూన పెంకులు. ముందర ఒక్కో పలకనూ గాడిలోకి జార్చి మూసే తలుపు. మండే ఎండలో లోపలికి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడేది. లచ్చన్న తాత కట్టించినది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ లచ్చన్న భార్య నీలవ్వకు ఇల్లు ఒక ఎత్తు, ఆ దుకాణం ఒక ఎత్తు.

అలాంటి దాన్ని కూలగొడతానన్నాడు లచ్చన్న. కిందటేడు వానలకు ఒక గోడ చెమ్మెక్కి, పక్కన పోసిన పసుపు కొమ్ములకు బూజు పట్టింది మరి. సిమెంటు మోజు అప్పుడప్పుడే ఊళ్ళోకి వస్తోంది. ఈ ఏడు తొలివానలు పడగానే గోడ మళ్ళీ తడిసింది.

"గోడ నేలకెళ్లి నీళ్లు గుంజుతున్నది. వారపు అంగడి దాటినంక మేస్త్రి వస్తడు," అన్నాడు.

"తార నాయినా, ఒక్కపారి సున్నమేసి చూస్త. చెమ్మ ఆగుతదేమో," అంది నీలవ్వ, ఎప్పటిలాగే మొగుణ్ణి కూతురి పేరుతో పిలుస్తూ.

"ఏస్కో. కూలేదానికి సింగారం."

నీలవ్వ కొంగు బిగించి, బస్తాలు జరిపించి, లోపలి గోడలకు తానే సున్నం కొట్టింది. కుంచె తగిలిన చోటల్లా గోడ ఎర్రబడింది. తాతల నాటి నుంచీ పసుపు దుమ్ము తాగిన గోడకు సున్నం తగిలితే పారాణి కాక మరేమవుతుంది? ఆ దుకాణంలో లోపల ఎన్నడూ సున్నం ఎందుకు వేయలేదో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎదురు దుకాణం భూమవ్వ తొంగిచూసింది. "ఏందే నీలవ్వా, దుకాణానికి పెండ్లి చేస్తున్నవా?"

"అవ్. ఆడబిడ్డవు నువ్వే, వచ్చి హారతి పట్టు," అని నీలవ్వ నవ్వింది గానీ, గోడలు ఇంకా పాడు చేశాననుకుంది. ఇక ఆయనను ఆపేదెట్లా?

కానీ సున్నం ఆరేకొద్దీ ఎరుపు విరిగి గోడలు మళ్ళీ పసుపుకు తిరిగాయి. అంగడి మర్నాటికి చెమ్మ గోడ మీద ఒక్క చారే ఎర్రగా మిగిలింది. దూలం కింద మొదలై నడుము ఎత్తు దాకా దిగి ఆగిపోయింది. నీలవ్వ తడిమి చూసింది. అక్కడే తడి.

"తార నాయినా, జర గిటు రా. చెమ్మ నేలకెళ్లి అయితే కింద ఎర్రగుండాలె గద? కింద ఎండింది చూడు. నీళ్లు మీదికెళ్లి దిగుతున్నయి."

లచ్చన్న గోడను తాకాడు, పైకి చూశాడు, నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చూరు దగ్గర పెంకులు పగిలి, వాన నీళ్ళు నేరుగా గోడ తలమీదే పడుతున్నాయి.

అంతలో మేస్త్రి గడ్డపారతో వచ్చాడు. "లచ్చన్నా, యాడికెళ్లి కూలగొడదాం?"

"గడ్డపార ఆడ వెట్టి జర నిచ్చెన పట్టు," అన్నాడు లచ్చన్న పైనుంచి. "నీలా, మూలకు దాచిన కొత్త పెంకులు అందియ్యి."