ముట్టనన్న కాలు

రెండేళ్ళుగా తనతో మాటల్లేని బావగారు సింగరయ్య ఆటో దిగి కుంటుకుంటూ మసాజ్ సెంటర్ లోపలికి రావడం చూసి, విజయ చేతిలోని తువ్వాలు పక్కన పెట్టేసింది. ఆయన వెనకాలే తోడికోడలు గంగరత్నం, ముఖం చిటపటలాడించుకుంటూ.

సింగరయ్యకి నిజాంపట్నం రేవులో రెండు బోట్లున్నాయి. తమ్ముడు సుమన్, అంటే విజయ మొగుడు, వాటిలో ఒకదాని మీద పనిచేస్తాడు. విజయ మసాజ్ కోర్సు పూర్తిచేసి తెనాలి స్టేషన్ దగ్గర ఈ సెంటర్లో చేరినప్పుడు సింగరయ్య తమ ఊరు అడవులదీవిలో పదిమంది ఎదుటా, "ఊళ్ళో మగాళ్ళ ఒళ్ళు పిసికేదానికి నా ఇంట్లో చోటు లేదు" అనేశాడు. అప్పట్నుంచి వేట లేని రోజుల్లో సుమనే తెనాలి వస్తున్నాడు తప్ప ఆమె ఆ ఊరు వెళ్ళలేదు. అందుకే ఆయన కుంటుతుంటే ఆమెకి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆమె సిగ్గుపడలేదు కూడా.

"పిక్క పట్టేసింది," అన్నాడు సింగరయ్య గోడతో చెబుతున్నట్టు. బోటు మీద జారిపడి చీలమండ విరిగి, ఇన్నాళ్ళూ సిమెంటు కట్టుతో మంచానే ఉన్నాడు. కట్టు ఈమధ్యే తీశారు. "నరాలు బిగుసుకున్నాయి. గట్టిగా నలిపితే వదుల్తాయి. నీ పని అదే గదా, కానియ్."

విజయ ఆయన్ని బల్ల మీద పడుకోమని లుంగీ మోకాలి దాకా జరిపింది. విరిగిన కాలి పిక్క రెండోదానికంటే బాగా లావుగా, నున్నగా మెరుస్తోంది. అరచెయ్యి ఆనిస్తే వేడి తగిలింది. వేలితో మెల్లగా నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. సింగరయ్య పళ్ళు బిగించాడు. విజయ చెయ్యి తీసేసింది.

"దీన్ని నేను ముట్టనండి బావగారూ."

"ఏంటీ?"

"ఇది నరం పట్టడం కాకపోవచ్చు. కదలకుండా ఉన్న కాల్లో ఒక్కోసారి రక్తం గడ్డకడుద్ది. ఇప్పుడే ఆసుపత్రికి పోయి స్కానింగ్ తీయించండి. అప్పటిదాకా ఎవరిచేతా నలిపించొద్దు."

"గడ్డ కడితే నలిపేగా కరిగించాల! వెన్నైనా చెయ్యి తగిల్తేనే కరుగుద్ది."

"ఇది కరగదు. ఊడిపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడుద్ది. మనిషే పోతాడు."

ఆ చివరి మాట కొంచెం మెత్తగా చెప్పి ఉండొచ్చు. కానీ ఆయనతో మెత్తగా మాట్లాడటం ఆమెకి చేతకాలేదు. పక్క గదిలో నడుం నొప్పికని వచ్చినవాళ్ళు కూడా తలలు బయటికి పెట్టి చూశారు. సింగరయ్య బల్ల దిగిపోయాడు. "విన్నావటే దీని మాట? పోతానంట నేను! ఊళ్ళోవాళ్ళందరికీ పట్టే చెయ్యి నా దగ్గరికొచ్చేసరికి పడిపోయిందా?"

"కసి తీర్చుకోడానికి ఇదా విజయా సమయం?" అంది గంగరత్నం.

"కసి ఉందక్కా. లేదని నేనన్లేదు. తీర్చుకోవాలనుకుంటే ఆయన చెప్పినట్టు నలిపేదాన్ని."

గంగరత్నానికి ఆ మాట అర్థమయిందో లేదో గాని, మొగుడి భుజం పట్టుకుని తీసుకుపోయింది.

చీకటి పడకముందే సుమన్ ఫోను చేశాడు. "ఏమన్నావే అన్నని? రేపట్నుంచి బోటెక్కొద్దన్నాడు నన్ను."

"బోటు సంగతి తర్వాత. ఆసుపత్రికి పోయారా?"

"ఆసుపత్రేంటి! రేపల్లెలో వదిన పుట్టింట్లో దిగారు. పొద్దున్నే బాపట్ల నుంచి సీతారామాంజనేయులు వస్తన్నాడు. వేడి కాపడం పెట్టి, నూనె పోసి తొక్కుతాడంట."

సీతారామాంజనేయులు పేరు ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు తక్కువ. పట్టేసిన మెడలూ బెణికిన కాళ్ళూ సరిచేస్తాడనీ, ఎంత అరిస్తే అంత గుణమనీ చెప్పుకుంటారు. నొప్పి పుట్టకుండా నొప్పి పోదన్నది అతని మాటే.

మర్నాడు విజయ సెలవు పెట్టి మొదటి రైలుకే రేపల్లె బయల్దేరింది. కిటికీ పక్కన కూర్చుంది గాని కుదురు లేదు. అది మామూలు వాపే అయితే? ఇక ఆ ఇంట్లో జీవితాంతం నవ్వులపాలే. సుమన్ పని పోయినందుకు ఉసురు కూడా తన నెత్తినే. పోనీ, వాళ్ళ ఖర్మ వాళ్ళదని దిగిపోదామా అనుకుంది ఒకచోట. కానీ గుంట పడి లేవని ఆ పిక్క అరచేతికింద ఇంకా వేడిగానే ఉన్నట్టుంది.

ఆమె వెళ్ళేసరికి సింగరయ్య వరండాలో చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చుట్టూ అత్తింటి జనం. సీతారామాంజనేయులు చొక్కా విప్పి, గిన్నెలో కాగిన నూనె వేలితో చూసుకుంటున్నాడు. విజయ తిన్నగా వెళ్ళి ఆ గిన్నెని కాలితో తన్నింది. నూనె అరుగు మెట్ల మీదుగా కారిపోయింది.

"ఏయ్! పిచ్చి పట్టిందా?" గంగరత్నం విజయ జుట్టు పట్టుకోబోయింది.

"ముందీయన్ని అడగండి," అంది విజయ, ఫోనులో వీడియో పెట్టి సీతారామాంజనేయులు ముఖానికి ఎదురుగా పట్టుకుని. "బాబాయ్, ఈ కాల్లో గడ్డ ఉందేమోనని నేను చెబుతున్నా. లేదని నువ్వు చెప్పు. నువ్వు తొక్కాక ఈ మనిషికి ఊపిరాడకపోతే పూచీ నీదేనని అందరి ముందూ చెప్పి, అప్పుడు చెయ్యి వెయ్యి."

"ముప్పై ఏళ్ళుగా చేస్తన్నా అమ్మాయ్. నాకు నువ్వా చెప్పేది?"

"నేను చెప్పన్లే. నువ్వే చెప్పు."

సీతారామాంజనేయులు ఫోను వంక చూశాడు, కాలి వంక చూశాడు, తర్వాత చొక్కా తీసుకున్నాడు. "ఇంటి గొడవలున్న చోట నేను చెయ్యి పెట్టను," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. విజయ మాట నమ్మి కాదు, ఫోనుకి భయపడి.

సింగరయ్య చేతికందిన ఇత్తడి చెంబు విసిరాడు. అది విజయ భుజానికి తగిలి గోడకి కొట్టుకుంది. ఆమె కదల్లేదు. "నా చావు కోరి వచ్చావు కదే!" అంటూ ఆయన మీదికి లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. నోరు తెరిచాడు గాని తిట్టు బయటికి రాలేదు. రొమ్ము పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. నుదుటి నిండా చెమట.

"పొడుస్తంది," అన్నాడు. "ఊపిరి తీస్తంటే పొడుస్తంది."

జనమంతా ఆయన చుట్టూ మూగారు. అప్పుడు మొదటిసారిగా గంగరత్నం విజయ వంక కోపం లేకుండా చూసింది. "ఏం చెయ్యాలే?"

"కారు పిలువు. ఆయన్ని నడవనివ్వకుండా ఎత్తుకురండి."

గుంటూరులో స్కానింగ్ తీశారు. తొడ దాకా గడ్డ పాకి ఉంది. చిన్న ముక్క ఒకటి అప్పటికే ఊపిరితిత్తుల్లోకి చేరింది. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇచ్చి, బతికాడని డాక్టరు చెప్పేదాకా విజయ బయట బెంచీ మీద కూర్చుంది. తర్వాత ఆయన్ని చూడకుండానే తెనాలి వెళ్ళిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ సింగరయ్య ఒకటే మాట చెప్పాడట: "దాని నోరు మంచిది కాదు. అన్నదన్నట్టే అయింది." సుమన్ తన అన్న బోటు జోలికి మళ్ళీ పోలేదు. వేరే వాళ్ళ బోటెక్కాడు.

కొన్నాళ్ళకి గంగరత్నం ఫోను చేసింది. గొంతులో పాత బిగువు తగ్గలేదు. "డాక్టరు నడవమంటన్నాడు. ఈయనేమో నడిస్తే గడ్డ కదులుద్దని మంచం దిగటం లేదు. నువ్వే చెప్పావంట గదా కదులుద్దని."

"నలపొద్దన్నాను, నడవొద్దన్లేదు. మందులు పడ్డాయి, ఇప్పుడు పడుకుంటేనే ముప్పు."

"అదేదో నువ్వే వచ్చి చెప్పు."

విజయ అడవులదీవి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆమె అడగలేదు. మంచం పక్కన నిలబడి, "లేవండి," అంది.

సింగరయ్య గోడవైపు తిరిగాడు. "దీన్ని పంపించెయ్."

"మీరు వీధి చివరిదాకా నడిచొస్తే నేనే పోతా. లేకపోతే ఈ గుమ్మంలోనే కూర్చుంటా. పక్కింటివాళ్ళు అడిగితే, మా బావగారు నడవడానికి భయపడుతున్నారని చెబుతా."

ఆయన లేచాడు. కర్ర తీసుకుని, ఆమెని రాసుకుంటూ బయటికి నడిచాడు. విజయ నాలుగడుగుల వెనకగా నడిచింది. వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. సింగరయ్య వెనక్కి తిరక్కుండానే ఆమెనీ, ఆమె చదువునీ, ఆమె పుట్టింటినీ వరసపెట్టి తిడుతున్నాడు. విజయకి ఒళ్ళు మండిపోతోంది. అయినా ఆయన మడమ నేలకి సరిగా ఆనుతోందా అనే చూస్తోంది.

"కాలు ఈడ్చొద్దు," అంది. "మడమ ముందు పెట్టండి."

"నోర్ముయ్," అన్నాడు సింగరయ్య, మడమ ముందు పెడుతూ.