ఏడో అంకె మనిషి

ఆసుపత్రి లాండ్రీలో పనివాళ్ళు పదకొండు మంది. ఆదివారమైనా దుప్పట్లు మాసిపోక మానవు కనుక ఎవరో ఒకరు రావాల్సిందే. ఎవరన్నది శనివారం మధ్యాహ్నం సూపర్‌వైజరు తేల్చేవాడు. ఎర్రదొకటి, నీలిదొకటి, రెండు పాచికలు దొర్లించి చుక్కలు కూడేవాడు. ఎవరి అంకె వస్తే వాళ్ళకే ఆదివారం డ్యూటీ.

"రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు అంకెలు. మీరూ పదకొండు మంది. ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది?" అంటూ అంకెలు తనే పంచాడు.

ఇస్త్రీ చేసే ఆమెకు ఏడు వచ్చింది. ఏడాదిలో పది ఆదివారాలు పోయాయి. ఆమె కూతురు హాస్టల్లో చదువుతోంది. అక్కడ పెద్దవాళ్ళను లోపలికి రానిచ్చేది ఆదివారం ఒక్కరోజే. పిల్లకు జ్వరమొచ్చిన వారమూ వెళ్ళలేదు, బహుమతి అందుకున్న వారమూ వెళ్ళలేదు. నా రాత ఇంతే అనుకుంది.

వీలు దొరికిన ఒక ఆదివారం ఆ మాటే కూతురితో అంది. పిల్ల నోటుబుక్కులో గళ్ళు గీసింది.

"రాత కాదమ్మా. ఎర్రదానికి ఆరు ముఖాలు, ఒక్కోదానికీ జతగా నీలిదానివి ఆరు. మొత్తం ముప్పై ఆరు రకాలుగా పడొచ్చు. పన్నెండు రావాలంటే రెండూ ఆరే పడాలి. అదొక్కటే దారి. ఏడుకైతే ఒకటీ ఆరూ, రెండూ ఐదూ, మూడూ నాలుగూ, నాలుగూ మూడూ..."

"మూడూ నాలుగూ, నాలుగూ మూడూ ఒకటే కదే?"

"ఎర్రది మూడు, నీలిది నాలుగు ఒక రకం. ఎర్రది నాలుగు, నీలిది మూడు ఇంకో రకం. అలా ఏడుకి ఆరు దారులున్నాయి. ఆరు వారాలకోసారి నువ్వే దొరుకుతావు. పన్నెండు ఎవరిది?"

తల్లికి ఒళ్ళు మండిపోయింది. పన్నెండు సూపర్‌వైజరు బావమరిదిది. ఏడాదంతా కలిపి వాడు వచ్చింది ఒక్కటంటే ఒక్క ఆదివారం.

శనివారం పాచికలు బయటికి రాగానే ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి ముందుకొచ్చింది.

"అన్ని అంకెలూ సమానమేనా సార్?"

"సమానమేనమ్మా. పడేది ఏదైనా పడొచ్చు."

"అయితే నా ఏడు మీ బావమరిదికిచ్చి, ఆ పన్నెండు నాకివ్వండి."

సూపర్‌వైజరు నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "బావా, ఏడు నాకొద్దు."

"ఏడు పడ్డానికి ఆరు దారులు, పన్నెండుకి ఒక్కటే," అని ఆమె అందరికీ వినబడేలా చెప్పింది. తోపుడుబండి లాగే ముసలాయన మోకాలు పట్టుకుని లేచాడు.

"నాది ఆరు. దానికెన్ని దారులమ్మాయ్?"

"ఐదు, బాబాయ్."

"ఈ కాళ్ళతో ఎనిమిది ఆదివారాలు వచ్చాను," అన్నాడాయన సూపర్‌వైజరు కళ్ళలోకి చూస్తూ. "తెలిసే పంచావా?"

సూపర్‌వైజరు పాచికలు జేబులో వేసుకున్నాడు. ముసలాయన బండిని గుమ్మానికి అడ్డంగా పెట్టి దానిమీదే కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే యంత్రాలు ఆపేశారు. వార్డుల నుంచి దుప్పట్ల కోసం కబురు మీద కబురు వచ్చింది. గంట గడిచాక సూపర్‌వైజరు కాగితం తీశాడు.

"సరే, ఇకనుంచి వంతులవారీగా రండి. మొదటి ఆదివారం నీది," అన్నాడు ఆమెతో కసిగా.

"తక్కువ వచ్చినవాళ్ళతో మొదలుపెట్టండి. లేకపోతే ఈ దారులన్నీ పైఆఫీసులో గీసి చూపిస్తాను."

బావమరిది పేరు మొదట పడింది.

మరునాడు హాస్టల్లో కూతురు నవ్వుతూ ఎదురొచ్చింది. "గెలిచావు కదమ్మా, ఇంకా ఆ ముఖమేంటి?"

"పది ఆదివారాలు పోయాయే," అంది తల్లి పంటి బిగువున. "వాటిని ఎవడు తిరిగిస్తాడు?"