ఇద్దరికీ ఒకే మాట

చెప్పుల వ్యాపారంలో ముప్పావు వంతు పని నోటిదే. తోలూ, కుట్టూ, అడుగున వేసిన రబ్బరూ తర్వాతి సంగతి. వచ్చిన మనిషి బల్ల మీద కూర్చుని, జోడు తొడుక్కుని, నాలుగడుగులు వేసి మొహం చిట్లించగానే సరైన మాట పడాలి. పడితే జోడు పెట్టెలోకీ, పెట్టె సంచిలోకీ వెళ్తాయి. పడకపోతే మనిషి మెట్లు దిగిపోతాడు.

పెద్ద రోడ్డు మలుపులో షాపున్న ఆయన దగ్గర అలాంటి మాట ఒకటుంది. పదిహేడేళ్లుగా అదే మాట.

"కాస్త బిగుతుగా ఉందండీ," అంటుంది వచ్చినావిడ.

"కొత్త జోడు కదమ్మా, రెండ్రోజులు కరుస్తుంది. మూడో రోజుకి కాళ్లకున్న సంగతే మర్చిపోతారు."

నూటికి తొంభై మందికి అలాగే అయ్యేది. మిగతా పదిమంది మడమలు ఏమయ్యాయో ఆయనకి తెలీదు. వాళ్లు మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఇంట్లో ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి పన్నెండేళ్లు, నోరు మూతపడదు కాబట్టి రేడియో అని పేరు. ఒకటంటే నాలుగనేది. పది నిమిషాల తర్వాత అన్నీ మర్చిపోయి తండ్రి వీపెక్కేది. చిన్నదానికి తొమ్మిది. పసితనం నుంచీ కొత్త మొహం కనిపిస్తే తల్లి వెనక దాక్కునేది, గరిట కింద పడినా ఉలిక్కిపడేది. తిడితే ఏడ్చేది కాదు. ఆ పూట తిండి మానేసి, గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుక్కునేది.

ఆయన మాత్రం ఇద్దరి మధ్యా తేడా చూపించలేదు. అది ఆయన గర్వం. ఇద్దరికీ ఒకే ముద్దు, ఒకే కోపం, ఒకే కేక. పెద్దదాన్ని చెయ్యి పట్టి నీళ్లలోకి తోసి ఈత నేర్పినట్టే చిన్నదాన్నీ తోశాడు. పెద్దది వారంలో చేపపిల్లయింది. చిన్నది నెలరోజులు స్నానాల గదిలోకి వెళ్లడానికే వణికింది.

"దాని తీరు వేరండీ," అంది భార్య.

"రెండ్రోజులు కరుస్తుంది, సర్దుకుంటుందిలే."

"అది పిల్లండీ! కాలికేసుకునే జోడు కాదు."

"మరి పెద్దది పిల్ల కాదా? దానికి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు?"

ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోతే తనే గెలిచినట్టని ఆయన అనుకున్నాడు. షాపులో అలాగే గెలుస్తారు మరి.

తర్వాత బడి నుంచి కబురొచ్చింది. పేరు పిలిస్తే పిల్ల పలకడం లేదట. లేచి నిలబడుతుంది, పెదాలు కదులుతాయి, గొంతు రాదు. రోజూ పొద్దున్నే కడుపునొప్పని ఇంట్లో అంటున్నదీ ఇందుకే. ఆయన విని, దీనికి మందు తన చేతిలోనే ఉందనుకున్నాడు. పెద్దదాని నోరు అంత గట్టిపడింది షాపులోనే. ఎనిమిదేళ్లప్పుడే వచ్చిన వాళ్లని "ఏ సైజు కావాలండీ?" అని అడిగేది. అదే పని చిన్నదానికి అప్పజెప్పాడు.

బళ్లు తెరిచే వారం. షాపులో కాలు పెట్టే చోటు లేదు. చిన్నదాన్ని బల్ల పక్కన నిలబెట్టి, "వచ్చినవాళ్లని సైజు అడుగు. అంతే," అన్నాడు. పిల్ల అడగలేదు. ముగ్గురొచ్చారు, అడగలేదు. నాలుగో ఆవిడ, "ఏం పాపా, నీ పేరేంటి?" అంది.

"మా మహారాణిగారండీ," అన్నాడు ఆయన అందరికీ వినపడేలా. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం! ఇవాళ సైజు అడిగేదాకా ఇక్కణ్నించి కదలనివ్వను."

జనం నవ్వారు. మంచి జనమే, మంచి నవ్వే. పిల్ల కాళ్ల కింద నేల తడిసింది. తడి సన్నగా పాకుతూ, వరసగా పేర్చిన కొత్త పెట్టెల వైపు వెళ్లింది.

ఆయన చటుక్కున వంగి పెట్టెలు ఎత్తాడు.

ఆ తర్వాత పిల్లని కూడా ఎత్తుకున్నాడు, తువ్వాలు చుట్టాడు, తల్లికిచ్చాడు. కానీ చేతులు ముందు ఎటు పోయాయో పిల్ల చూసింది. చూస్తోందని ఆయనా చూశాడు.

ఆ రోజు నుంచి చిన్నది తండ్రితో మాట్లాడలేదు. తల్లితో గుసగుసగా, అక్కతో మరికాస్త. ఆయన గదిలోకొస్తే మాట మధ్యలోనే తెగిపోయేది.

పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ అంతా విని, పిల్లని బొమ్మల గదిలోకి పంపింది.

"ఇద్దర్నీ ఒక్కలాగే పెంచానమ్మా," అన్నాడు ఆయన. "మీరు ఎవర్నైనా అడగండి. వీసమెత్తు తేడా చూపించలేదు."

"చిక్కు అక్కడే వచ్చిందండీ. పెద్దమ్మాయికి ఒక కేకంటే దులుపుకుని పోయే దుమ్ము. చిన్నమ్మాయికి అది దెబ్బ. తను పుట్టడమే భయంతో పుట్టింది, అందులో మీ తప్పు లేదు. ఆ భయాన్ని మెల్లగా దింపాల్సింది. మీరు తొయ్యబోయారు. తోసినకొద్దీ పెరిగింది."

"సరే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను."

"రోజూ అరగంట తన పక్కన కూర్చోండి. ఏం ఆడుకుంటే అది ఆడండి. ప్రశ్నలొద్దు, సలహాలొద్దు. మాట్లాడమని అడగొద్దు. ఒకవేళ మాట్లాడితే పొగడొద్దు, ఆశ్చర్యపోవద్దు, వాదించొద్దు. రోజూ మాట్లాడుకునేవాళ్లలాగే జవాబివ్వండి."

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"చెప్పలేను."

"పోనీ, సుమారుగా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

నోటితో బతికేవాడికి నోరు మూసుకోవడమంటే ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోవాలి? సాయంత్రం నాలుగింటికి, గిరాకీ ఊపందుకునే వేళకి, షాపు భార్యకి అప్పగించి ఇంటికి వచ్చేవాడు. చిన్నది వెనక గదిలో అట్టముక్కలు కత్తిరించి బస్సు చేసేది. లోపల సీట్లు, సీట్లకి నంబర్లు, డ్రైవరు ముందు చిన్న అద్దం. తన కడుపున పుట్టిన పిల్ల చేతిలో ఇంత పనితనముందని ఆయనకి తొమ్మిదేళ్లూ తెలీదు. చూస్తూ కూర్చునేవాడు. మొదటి నెల పిల్ల ఆయనకి వీపు తిప్పి కూర్చుంది. రెండో నెల పక్కకి తిరిగింది. మూడో నెలలో ఒకరోజు జిగురు సీసా ఆయన వైపు తోసింది. ఆ రోజు షాపుకి తిరిగి వెళ్తూ దారిలో పలకరించిన వాళ్లందరికీ నమస్కారం పెట్టాడు. ఆరో నెలలో ఆయన మీసానికి జిగురంటుకుంటే పిల్ల నవ్వింది.

మధ్యలో సెలవులకి చిన్నది పిన్ని ఇంట్లో నెలరోజులుంది. పిన్ని బట్టలు కుట్టుకుంటుంది, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. "చిన్నప్పుడు మా చెల్లీ ఇంతేనండీ," అనేది భార్య. అక్కడ పిల్ల ఆగకుండా మాట్లాడుతోందని ఫోన్లో తెలిసింది. విని ఆయన సంతోషపడ్డాడు. సంతోషపడుతూనే, తనకి రావాల్సిన ఆ మాటలన్నీ ఎవరో ఎత్తుకెళ్లినట్టు కుమిలిపోయాడు.

"నాతో ఎప్పుడు మాట్లాడుతుందే?" అని పెద్దదాన్ని అడిగాడు ఒకసారి.

"తెలీదు నాన్నా," అంది రేడియో. ఆ పిల్ల నోట అంత చిన్న మాట ఆయన అంతవరకూ వినలేదు.

పదకొండో నెలలో, ఒక మంగళవారం, ఆయన బస్సు చక్రాన్ని వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు, జిగురు ఆరేదాకా. చిన్నది తల ఎత్తకుండా అంది:

"నాన్నా."

"ఊఁ," అన్నాడు ఆయన, మామూలుగా.

"నేను పిన్నీవాళ్లింట్లో ఉండి చదువుకుంటాను."

గొంతు మారింది. ఆయన మర్చిపోయిన గొంతుకన్నా కాస్త లావుగా ఉంది.

మెట్లు దిగబోయే మనిషిని వెనక్కి తిప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నోట్లోకి పది మాటలొచ్చాయి. ఒక్కొక్కటీ బంగారం లాంటి మాట, ఏది వదిలినా పిల్ల ఆగిపోతుంది. ఆగిపోయి, మళ్లీ నోరు మూస్తుంది. అదీ ఆయనకి తెలుసు.

"ఎప్పుడు వెళ్దామనుకుంటున్నావమ్మా?" అన్నాడు.

"బడి తెరవకముందే."

"సరే తల్లీ."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. మళ్లీ కత్తెర అందుకుంది. అరగంటలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఆయన చక్రం వదల్లేదు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది.

షాపుకి వచ్చేసరికి భార్య ఎవరికో జోడు తొడిగిస్తోంది. ఆయన మొహం చూడగానే లేచి నిలబడింది.

"ఏమైందండీ? మాట్లాడిందా?"

"మాట్లాడింది."

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు నిండిపోయాయి. బల్ల మీద కూర్చున్న కొత్త మనిషితో, "మా చిన్నది వాళ్ల నాన్నతో మాట్లాడిందమ్మా!" అంది, ఆవిడకి అంతా తెలుసన్నట్టు. ఇటు తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏమందండీ? ఏమందో చెప్పండి!"

ఆవిడ మొహం అలా వెలిగి ఏడాది కావస్తోంది.

"నాన్నా అంది," అన్నాడు.