ఫిలోమినా ఇంటి అల్లుడు

ఫిలోమినాకు కూతుళ్లు లేరు. అయినా ఆ ఇంట్లో అల్లుడు దిగి నెల దాటింది.

ఆ పేరు పెట్టింది ఆమె భర్త జేవియర్. ఫిలోమినా పెద్దపేగులో గడ్డ తీసేసిన డాక్టర్లు, లోపలి కుట్లు మానేదాకా పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. రెండో ఆపరేషన్లో మళ్లీ లోపల పెట్టేస్తారు. అప్పటిదాకా ఆ పేగు వేళాపాళా లేకుండా పనిచేస్తుంది, ఎవరున్నారో చూడకుండా గుడగుడమంటుంది.

"కొత్తల్లుడే. అన్నానికి కూర్చుంటే లేపుతాడు, కునుకు పడితే పిలుస్తాడు, పైగా ఒక్క మాట అనకూడదు," అన్నాడు జేవియర్ సంచి మారుస్తూ. ఫిలోమినా నవ్వబోయి కుట్లు పట్టుకుంది.

ఆమెకు నవ్వు రానిది ఒక్క విషయంలోనే. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. ఆరేళ్లుగా ఒక హిందీ సీరియల్లోని అత్తగారికి తెలుగు గొంతు ఆమెదే. ఫిల్మ్‌నగర్లో కూరగాయల బండి దగ్గర బేరమాడితే జనం వెనక్కి తిరిగి చూస్తారు. ఇప్పుడా అత్తగారు చనిపోయే ఎపిసోడ్ వచ్చింది. చివరి మాటలు ఇంకొకరి గొంతులో పోవడానికి ఫిలోమినా మనసొప్పలేదు. కానీ ఊపిరి పీల్చినా మైకు పట్టేసే గదిలో అల్లుడు నోరు విప్పితే? స్టూడియోలో తెలిస్తే ఇక పిలవరేమోనని భయం. అందుకే సౌండ్ ఇంజనీర్ సృజన్‌ను ఇంటికే రమ్మంది. ఆపరేషన్ సంగతి అతనికి తెలుసు. సంచి సంగతి చెప్పలేదు.

సృజన్ రహమత్ నగర్ నుంచి సామానంతా మోసుకొచ్చి, బీరువా తలుపులు తెరిచి చీరల మధ్య మైకు నిలబెట్టాడు.

"చీరలుంటే గొంతు మోగదమ్మా. మస్తున్నయి."

"అన్నీ మా అత్తగారి సంపాదనే," అంది ఫిలోమినా.

మొదటి టేకు. అత్తగారు కొడుకును దగ్గరికి పిలిచింది. అల్లుడు గుడగుడమన్నాడు. సృజన్ హెడ్‌ఫోన్స్ తీసేలోగా మంచం మీదున్న జేవియర్ తన పొట్ట పట్టుకున్నాడు.

"నాదేనయ్యా. పొద్దున అలసందలు తిన్నాను."

రెండో టేకు. "పెసరట్టు కూడా తిన్నాను," అన్నాడు జేవియర్.

మూడోసారికి సృజన్ దండం పెట్టాడు. "సార్, జర కిందికి పోయి కూసుంటరా. గిట్లయితే అత్తమ్మ రేపటిదాక సావది."

జేవియర్ గుమ్మం దగ్గర ఆగి భార్య వైపు జాలిగా చూసి వెళ్లాడు. మెట్లమీద అతని చెప్పుల చప్పుడు పూర్తిగా పోయాక మళ్లీ మొదలుపెట్టారు. అత్తగారు కోడలిని క్షమించింది. ఆఖరి ఊపిరి తీసుకోబోయింది. అల్లుడు తీరిగ్గా, దీర్ఘంగా అరిచాడు.

సృజన్ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. ఫిలోమినా వైపు మాత్రం చూడలేదు.

పైవాళ్ల నీళ్ల పైపు చప్పుడు అందామా అనుకుంది ఆమె. జేవియరైతే అనేవాడే.

"నాదే సృజన్. పేగు బయటుంది, పొట్ట మీద సంచి ఉంది. రెండో ఆపరేషన్ అయ్యేదాకా దాని నోరు నా చేతిలో లేదు."

"గీ మాట ముందుగాల చెప్తే అయిపోవు గదమ్మా. సార్‌ను ఉత్తగనే ఎండల నిలబెట్టిన." సృజన్ మంచం మీది దిండు తెచ్చి ఇచ్చాడు. "నొప్పి గాకుండ మెల్లగ అడ్డం పెట్టుకోండ్రి. సప్పుడొస్తే ఆగుదం, మళ్ల జేద్దాం. ఎట్లయినా అత్తమ్మకు ఊపిరాడుతలేదు, ఆగాగి మాట్లాడుతది. ఆపరేషన్ అయినంక మాత్రం మీరు స్టూడియోకే రావాలె. గీ బీరువ కాడ వంగి వంగి నా నడుం పోయింది."

ఫిలోమినా దిండు పొట్టకు ఆనించుకుంది. ఆగుతూ, సాగుతూ అత్తగారు చివరికి సుఖంగా కన్నుమూసింది. సృజన్ వైర్లు చుడుతుంటే కింద నుంచి ఫోన్ వచ్చింది.

"పోయిందా?" అన్నాడు జేవియర్.

"పోయింది."

"మరి అల్లుడు?"

ఫిలోమినా దిండు తీసి చూసుకుంది. "ఉన్నాడు. మామగారు ఎక్కడని అడుగుతున్నాడు. పైకి రండి."