హనుమక్క మిద్దె మీద ఎండపొయ్యి

నేను ఒక ఎండపొయ్యిని. ఇనుప బద్దల చట్రం, లోపలంతా అద్దపు ముక్కలు అంటించిన పెద్ద మూకుడు లాంటి ఒళ్ళు. ఇప్పుడు సగం అద్దాలు రాలిపోయి మిద్దె మీద ఒక మూల బోర్లా పడి ఉన్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఎండకు ఎదురు తిరిగి నిలబడీ నిలబడీ అలిసిపోయాను.

నన్ను చేసింది తిప్పేస్వామి. రాయదుర్గంలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరైనాయన. ఆయన భార్య హనుమక్కకు ఏళ్ళ తరబడి పీల్చిన కట్టెల పొగ రొమ్ములో పేరుకుపోయింది. పడుకుంటే దగ్గు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. పొయ్యి దగ్గరికి పోతే బతకదని డాక్టరు చెప్పాడు. గ్యాసుకు పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే కాలం అది. కిరసనాయిలు స్టవ్ వాసన ఆమెకు అసలే పడదు. తానే వండుదామన్న ఆలోచన మాత్రం మాస్టారికి తట్టలేదు. అంతకంటే సూర్యుణ్ణి మిద్దె మీదికి దించడమే సులువనిపించింది.

కమ్మరి కొట్టంలో నా చట్రం వంచారు. మొదటిసారి వంపు తప్పి, వెలుగు ఒకచోట చేరక విస్తరంత వెడల్పున పరుచుకుంది. సాయంత్రం దాకా పెట్టినా నీళ్ళు గోరువెచ్చనే. విప్పి మళ్ళీ వంచారు. మాస్టారు కాగితం ముక్క పట్టుకుని నా ముందు అటూ ఇటూ జరుపుతూ, వెలుగు కుదురుకునే చోటు వెతికేవారు. ఒక మధ్యాహ్నం కాగితం భగ్గున అంటుకుంది. వేళ్ళు చురుక్కుమన్నా ఆయన నవ్వారు. ఆ మురిపెం తీరకముందే గాలిదుమారం నన్ను పడదోసి అద్దాలన్నీ పగలగొట్టింది. మళ్ళీ కోయించారు, మళ్ళీ అంటించారు. తళతళలాడే గిన్నె వేడిని తిప్పికొడుతోందని దాని అడుగుకు దీపం మసి పూశారు. మసి వద్దనే కదా ఇదంతా మొదలైంది అనుకున్నాను గానీ, నన్నడిగేదెవరు?

చివరికి పప్పు ఉడికింది. మాస్టారు ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించారు. ఆ మర్నాటి నుంచి హనుమక్క మెట్లెక్కి నా దగ్గర నిలబడేది. సూర్యుడు జరిగినప్పుడల్లా నన్ను తిప్పాలి. పైన ఎండ, ముందు నా అద్దాల తళుకు. ఒకరోజు ఆమె కళ్ళు తిరిగి పిట్టగోడ పట్టుకుని కూలబడింది. మాస్టారు పరిగెత్తుకొచ్చి నీళ్ళు తాగించారు.

చాలాసేపటికి ఆమె ఊపిరి కూడదీసుకుని, "పొగ పోయి ఎండొచ్చింది. నాకు పొయ్యి మారింది గానీ పని మారలేదు," అంది.

మాస్టారు నా వైపు చూశారు. మళ్ళీ విప్పుతారేమోనని బెదిరాను. ఆయన ఆమెను నీడకు చేర్చి, తలకు తువ్వాలు చుట్టుకుని గిన్నె ముందుకొచ్చి నిలబడ్డారు.

అప్పటి నుంచి ఆయనకూ నాకూ వనవాసమే. ఒకనాడు పప్పు పలుకు, ఒకనాడు అన్నం మాడు. ఎదురు మిద్దెల మీద బట్టలారేసే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మాస్టారు తలవంచుకుని నన్ను తిప్పేవారు. మబ్బు పట్టినరోజు బొరుగులే భోజనం. ఆయన ఒళ్ళు నల్లబడింది, నా బద్దలు తుప్పుపట్టాయి. మెట్ల నీడలో కూర్చున్న హనుమక్కకు మెల్లగా దగ్గు తగ్గింది. మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయానని ఒక పొద్దున చెప్పి, ఆమె ఏడ్చింది. మాస్టారు గిన్నె మూత తీసి పప్పు చూస్తున్నట్టు నటించారు.

కొన్నేళ్ళకు గ్యాసు వచ్చింది. వంటింటి కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి కింది మాటలు నాకు వినిపించాయి. హనుమక్క అలవాటుగా గిన్నె అందుకుంది కాబోలు, ఆయన అన్నారు: "అది ఇట్లియ్యి. నువ్వు కూర్చో."

"ఇప్పుడు ఎండ లేదు కదా. నేను చేస్తాలే."

"నీకు రుచి కుదరదు," అన్నారు మాస్టారు.

ఆ మాటకు ఆమెకు కోపమొచ్చింది. పెళ్ళైననాటి నుంచీ తన చేతి వంట తిన్న మనిషికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందని, గొంతెత్తి, ఎక్కడా ఆగకుండా, ఒక్క దగ్గైనా రాకుండా తిట్టింది.

కింద మాస్టారు పెట్టిన తిరగమోత చిటపటలాడింది. నన్ను తిప్పడానికి ఎవరూ పైకి రాలేదు.