పైకప్పుకి తగిలిన నవల

షాపు తలుపు తీయగానే నవలలక్క చేసే మొదటి పని, ఫ్యాను ఆపి ఉందో లేదో చూసుకోవడం. ఫ్యాను తిరిగిందంటే పైనున్న పుస్తకాలు చెల్లాచెదురైపోతాయి మరి. ఆవిడది అద్దె పుస్తకాల షాపు. ఈ కాలపు ప్రేమ నవలలు తప్ప ఇంకోటి పెట్టదు. చదివినవాళ్లకి నచ్చేకొద్దీ నవల పైకి లేస్తుంది. పదిమందికి నచ్చింది నడుము ఎత్తులో, ఊరంతా మెచ్చింది పైకప్పు కింద. "ఏది బాగుంటుందక్కా?" అని ఎవరైనా అడిగితే తలెత్తి చూసి, కొక్కెం కర్రతో ఒకటి లాగి చేతిలో పెడుతుంది. అంతే, ఇక మాట్లాడేది ఉండదు.

ఆ రోజు మాత్రం షాపు తెరిచింది బేరానికి కాదు. చెల్లెలు ఆసుపత్రిలో ఉంది. గుండెలో వాల్వు మార్చాలన్నారు. సాయంత్రంలోగా ఒప్పుకుంటేనే ఆపరేషన్, లేదంటే పెద్ద డాక్టరు వేరే ఊరు వెళ్లిపోతాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ గుండె తట్టుకోదట. చెల్లెలిది ఒకటే మాట: "మత్తిచ్చి పడుకోబెడితే నేను మళ్లీ లేవను." బతిమాలారు, తిట్టారు, ఏడ్చారు. ససేమిరా అంది. చదువుకోడానికి ఏదైనా తెమ్మని మాత్రం అడిగింది. నవలలక్కకి ప్రాణం లేచొచ్చింది. మంచి ప్రేమకథ పడితే బతకాలని ఆశ పుట్టదా ఏంటి?

అన్నిటికన్నా పైనున్న మూడింటిని దించి, దారాలు కట్టి పట్టుకుపోయింది. వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. ఒకావిడ మాత్రం, "ఆ పచ్చ అట్టది తర్వాత నాకే!" అని మేడ మీంచి కేకేసింది.

చెల్లెలు మొదటిది నాలుగు పేజీలు తిప్పింది. పుస్తకం ధబ్బున కిందపడింది. చదివేటప్పుడు ఆ ఒక్కరి ఇష్టమే లెక్క: తెగ నచ్చితే పైకి, నచ్చకపోతే ఎంత పేరున్న నవలైనా నేలకే.

"చూపులు కలిశాయి, ప్రేమలో పడిపోయారు. వీళ్లకేం పనీపాటా లేదా?"

రెండోదీ ధబ్బుమంది. మూడోది పడేసరికి నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా ఈ చప్పుడు? పక్కన పేషెంట్లున్నారు!"

చెల్లెలు గోడవైపు తిరిగిపోయింది. "ఊరందరికీ నచ్చిందని తెచ్చావు. నీకేది ఇష్టమో ఒక్కసారైనా చెప్పావా అక్కా?"

నవలలక్కకి చురుక్కుమంది. బయట పొద్దు వాలుతోంది. ఆవిడ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా షాపుకి పరిగెత్తింది.

కౌంటరు కింద, నేలకి బెత్తెడు ఎత్తులో ఒక నవల ఉంది. ఆవిడకి తప్ప ఎవరికీ నచ్చలేదు. యాభై దాటిన ఇద్దరు క్యాంటీన్ వంటవాళ్లు, ఒకాయనా ఒకావిడా, అందులో తిట్టుకుంటూనే ఉంటారు. ఇదీ ఒక ప్రేమకథేనా అని నవ్వుతారేమోనని ఇన్నాళ్లూ పైకి చెప్పలేదు.

అది పట్టుకుని మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తి, చెల్లెలి మంచం పక్కన కూర్చుని, ఆయాసపడుతూనే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "'నీ చేతి ఉప్పు తింటే గోడకైనా బీపీ వస్తుంది' అన్నాడతను..."

చెల్లెలు ఇటు తిరిగింది. "ఆవిడ ఊరుకుందా?"

"ఊరుకుంటుందా? గరిటె తీసింది!"

చెల్లెలు ఫక్కున నవ్వింది. నవల చేతుల్లోంచి ఎగరబోయింది. నవలలక్క రెండు చేతులా అదిమి పట్టుకుని చదివింది. కాసేపటికి కూర్చుని పట్టుకోవడం కుదరక లేచి నిలబడింది. కథలో అతను ఉద్యోగం మానేసి సంచితో వెళ్లబోతూ ఆవిడ తలుపు కొట్టాడు. ఇక ఒక్క అధ్యాయమే ఉంది.

పెద్ద డాక్టరు లోపలికొచ్చాడు. "ఏమ్మా, నేను బయల్దేరాలి. ఏమంటారు?"

"ఉండండి సార్! చెప్పక్కా, ఆవిడ తలుపు తీసిందా లేదా?"

నవలలక్క పేజీ తిప్పబోయి ఆగింది. ఇప్పుడు చివరిదాకా చదివితే ఇది మళ్లీ గోడవైపు తిరుగుతుంది. తనకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ వదిలేసింది. నవల సర్రున లేచి పైకప్పుకి తగిలి అక్కడే ఉండిపోయింది.

"వదిలేశావేంటక్కా!"

"చేతులు నొప్పెట్టాయి."

"అబద్ధం! నీకు తెలుసుగా, నోటితో చెప్పు."

"చస్తే చెప్పను." నవలలక్క పైకప్పు వైపు వేలు చూపించింది. "కావాలంటే నువ్వే లేచి దించుకుని చదువుకో."

చెల్లెలు కోపంగా అక్కని చూసింది. తర్వాత పైకి చూసింది. చాలాసేపు అలాగే చూసి, డాక్టరువైపు తిరిగింది.

"ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకి స్టూలెక్కనిస్తారు సార్?"